మావగారి బొట్టు, అల్లుడి కంప్యూటర్లు

ఐసెలిన్‌లో శ్యామ్‌సుందర్‌ని ఎరిగినవాళ్ళు అతని గురించి రెండు సంగతులు చెప్పేవారు. అతనికి దేవుడి మీద నమ్మకం లేదు. తైవాన్ నుంచి వచ్చే మెమరీ చిప్పుల మీద అంతకన్నా లేదు. మొదటి సంగతి అతనే పార్టీల్లో ప్లేటు చేతిలో పట్టుకుని చెప్పుకునేవాడు. రెండోది 1986 వేసవి అంతా ఫోన్‌లో అరిచి మరీ చెప్పాడు.

కాకినాడలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ఎమ్మెస్‌కని వచ్చి, న్యూజెర్సీలో ఒక రంగుల ఫ్యాక్టరీలో చేరాడు. తెలుపులో ఎన్ని రకాల తెలుపులు ఉంటాయో కొలవడం అతని ఉద్యోగం. కొన్నేళ్ళ తరవాత ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులకు ఒక్క తెలుపు చాలనిపించింది. శ్యామ్‌సుందర్ తన బల్ల ఖాళీ చేసి, ఒక అట్టపెట్టెతో ఇంటికొచ్చి, ఇక జన్మలో ఇంకొకడి కింద పనిచేయనని భార్య నళినితో చెప్పాడు. నళిని ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేది. జన్మ సంగతి తరవాత చూద్దాం, ముందు ఇన్సూరెన్స్ నాది ఉంది కదా అంది.

అలా ఇంటి బేస్‌మెంట్‌లో ‘సుందర్ సిస్టమ్స్’ పుట్టింది. పెద్ద కంపెనీ కంప్యూటర్ చేసే పనే సగం ధరకు చేసే నకలు యంత్రాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. విడిభాగాలు తెచ్చి, బిగించి, పరీక్షించి అమ్మడం అతని వ్యాపారం. ఓక్ ట్రీ రోడ్డు మీద కొత్తగా తెరుచుకుంటున్న మన షాపులవాళ్ళు, డాక్టర్లు, ట్రావెల్ ఏజెంట్లు కొనేవారు. పరీక్ష విషయంలో అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. ప్రతి యంత్రాన్నీ రోజంతా నడిపించి, ఏ లోపమూ లేదని తేలాకే డబ్బా మూసేవాడు.

ఆ రోజుల్లో కంప్యూటర్‌కి తన ఒంట్లో ఎంత మెమరీ ఉందో దానంతటదానికి తెలిసేది కాదు. మనిషి చెప్పాలి. అందుకోసం మదర్‌బోర్డు మీద బియ్యపుగింజల్లాంటి స్విచ్చులు ఒక వరసలో ఉండేవి. ఇన్ని చిప్పులు పెట్టాం అని ఆ స్విచ్చులతో చెబితే అది నమ్మేది. కొనేవాళ్ళ జేబును బట్టి శ్యామ్‌సుందర్ కొన్ని వరసల చిప్పులు పెట్టి, తక్కిన గుంటలు ఖాళీగా వదిలేవాడు. డబ్బు కూడినప్పుడు వచ్చి నింపించుకోవచ్చు. అంతవరకూ బాగానే ఉంది. పొరపాటున వాటిలో ఏ స్విచ్చైనా ఉన్నదానికన్నా ఎక్కువ ఉందని చెప్పిందనుకోండి, యంత్రం ఖాళీ గుంటల్లో వెతికి, ఏమీ దొరక్క, మెమరీ ఎర్రర్ అని తెర మీద రాసి కూర్చునేది. లేనిది ఉందని చెప్పుకున్నవాళ్ళ గతి మనుషుల్లోనూ ఇంచుమించు అదే.

ఏప్రిల్‌లో నళిని తండ్రి తిరుపతయ్య రాజమండ్రి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చాడు. ఆర్టీసీలో డిపో సూపర్నెంటుగా రిటైరైన మనిషి. మొదటి రెండు వారాలూ టీవీలో వాతావరణం ఛానల్ చూశాడు. ఏ రాష్ట్రంలో ఎంత చలో కూతురికి ఫోన్ చేసి చెప్పేవాడు. హాస్పిటల్‌లో ఫోన్ ఎత్తిన ప్రతిసారీ నళిని కంగారుపడేది.

ఒకరోజు ఆయన స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని బేస్‌మెంట్‌లోకి దిగాడు. డబ్బా తెరిచి ఉన్న కంప్యూటర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“అల్లుడుగారూ, ఇది రేపు బయటికెళ్ళే బండేనా?”

“అవును మావయ్యగారూ. కృష్ణమోహన్ ట్రావెల్స్‌కి డెలివరీ చెయ్యాలి.”

“పూజ అయిందా?”

శ్యామ్‌సుందర్ నవ్వాడు. “ఇది బస్సు కాదండీ.”

“బస్సుకైతే చక్రాలున్నాయి. దీనికి అవి కూడా లేవు. అలాంటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదండీ,” అన్నాడు తిరుపతయ్య.

దేవుడి మీద నమ్మకం లేని మనిషికి మావగారి మీద భయం ఉండకూడదని ఎక్కడా లేదు. పైగా ఓక్ ట్రీ రోడ్డు కస్టమర్లకి ఇది నచ్చుతుందని అతనికి తట్టింది. పూజ చేసిన కంప్యూటర్, ముహూర్తానికి డెలివరీ. ఏ అమెరికన్ షాపూ ఇవ్వలేని సౌకర్యం. కానివ్వమన్నాడు.

డిపోలో కొత్త బస్సు వచ్చినప్పుడు తిరుపతయ్యకు ఒక పద్ధతి ఉండేది. పైపైన బానెట్‌కి బొట్టు పెట్టి చేతులు దులుపుకునే రకం కాదు. ఇంజన్‌కి, గేరుకి, బ్రేకుకి, హారన్‌కి, డ్రైవర్ కాలు పెట్టే చోటుకి, అన్నిటికీ తడి కుంకుమ తగలాలి. ఆ పద్ధతే ఇక్కడా పాటించాడు. మూత తెరిచి ఉంచి పవర్ సప్లైకి, ఫ్యాన్‌కి, డిస్కు డ్రైవుకి, పెద్ద చిప్పుకి, చివరగా మదర్‌బోర్డు మీది ఆ స్విచ్చుల వరసకి సరిగ్గా నడుమ, ఉంగరం వేలితో ఒక్కొక్క బొట్టు నొక్కి పెట్టాడు. హారతి ఇచ్చాడు. నళిని చెప్పినట్టు శ్యామ్‌సుందర్ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

తరవాత మూత బిగించారు. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలో ఉండగానే శ్యామ్‌సుందర్ అలవాటు కొద్దీ పవర్ స్విచ్ వేయబోయాడు.

“ఆగండాగండి!” మావగారు చెయ్యి అడ్డం పెట్టాడు. “పూజైన బండికి మొదటిసారి తాళం తిప్పేది ఓనరే. అదీ ముహూర్తానికి. మనం ముందే తిప్పేస్తే ఇంకెందుకు?”

పరీక్ష ఎలాగూ అయిపోయింది కదా అని శ్యామ్‌సుందర్ ఊరుకున్నాడు.

మర్నాడు కృష్ణమోహన్ తన ట్రావెల్ ఆఫీసులో తిరుపతయ్యతో సహా పదిమందిని పిలిచి, అందరికీ లడ్డూలు పంచి, ముహూర్తానికి స్విచ్ వేశాడు. తెర వెలిగింది. అంకెలు లెక్కపెట్టుకుంటూ కాస్త దూరం వెళ్ళాయి. ఆగాయి. మెమరీ ఎర్రర్.

“ఏంటి బాసూ ఇది?” అన్నాడు కృష్ణమోహన్ లడ్డూ నోట్లో ఉండగానే. “బుక్ చేసిన టికెట్ మర్చిపోయే కస్టమర్లు నాకు చాలామంది ఉన్నారు. మర్చిపోయే కంప్యూటర్ కూడా కొనుక్కోవాలా?”

“చిప్పులు బ్రదర్. సప్లయర్ నాసిరకం అంటగట్టాడు. సాయంత్రానికి సెట్ చేసి తెస్తా.”

బేస్‌మెంట్‌కి తెచ్చి మూత తీశాడు. పాత చిప్పులన్నీ పీకి కొత్తవి పెట్టాడు. చిప్పులు మార్చినప్పుడల్లా స్విచ్చుల వరసను తుడిచి మొదటి నుంచి సరిగ్గా పెట్టడం అతని క్రమశిక్షణ. ఈసారీ అలాగే కుంకుమ తుడిచి, స్విచ్చులు మళ్ళీ పెట్టాడు. యంత్రం చక్కగా నడిచింది. చిప్పులదే తప్పని రుజువైపోయింది.

ఒకేసారి రెండు పనులు చేసి, ఫలితాన్ని ఒక పనికి మాత్రమే కట్టబెట్టడం రంగుల ఫ్యాక్టరీలో ఎవరైనా చేసి ఉంటే అతనే చీవాట్లు పెట్టేవాడు. తెర మీద ఎర్రర్ పక్కన, తప్పు ఏ గుంట దగ్గరో చెప్పే అంకెలు కూడా ఉండేవి. ఎక్కడ తప్పో ముందే తెలిసినవాడికి వాటితో ఏం పని?

తరవాత వెళ్ళిన ప్రతి యంత్రమూ అంతే. బేస్‌మెంట్‌లో బంగారంలా నడిచేది. కస్టమర్ దగ్గర కొబ్బరికాయ కొట్టగానే మతి పోగొట్టుకునేది. తెచ్చి చిప్పులు మారిస్తే మళ్ళీ బంగారమే. అప్పటికే ఒకసారి పూజ అయింది కనక రెండోసారి అక్కర్లేదు.

తిరుపతయ్య దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. “దిష్టి,” అని తేల్చాడు. “కృష్ణమోహన్ గారి ఆఫీసులో ఆ నీలం చొక్కా ఆయన చూసిన చూపు నాకప్పుడే నచ్చలేదు.” అప్పట్నుంచి బొట్లు ఇంకాస్త గట్టిగా నొక్కి పెట్టసాగాడు.

చిప్పులు అమ్మే మిస్టర్ లూ తైవాన్ మనిషి. ఆయన గోడౌన్ ఐసెలిన్‌కి అరగంట దూరం. శ్యామ్‌సుందర్ వెనక్కి తెచ్చిన చిప్పులన్నిటికీ లూ ఒక రోజు అతని ఎదుటే పరీక్ష పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు.

“మీ దగ్గర బాగుంటాయి, నా దగ్గర బాగుంటాయి, మీ కస్టమర్ దగ్గర మాత్రం చచ్చిపోతాయి,” అన్నాడు లూ. “మధ్యలో ఏం చేస్తున్నారు?”

“మధ్యలోనా? ఏమీ చెయ్యం.”

“ఏమీ?”

“మూత బిగించి కార్‌లో పెడతాం. అంతే.”

అతను అబద్ధం చెప్పలేదు. నమ్మకం లేనివాడు కాబట్టి పూజను ఒక పని కింద లెక్కపెట్టలేదు. భక్తుడైతే వెంటనే గుర్తొచ్చేది.

లూ చిప్పులు తిరిగి తీసుకోనన్నాడు. అదే వారం ఊరి స్కూల్ బోర్డు నుంచి ఫోన్ వచ్చింది. ప్రతి స్కూలుకీ కంప్యూటర్లు కొనబోతున్నారు, ఒక నమూనా తెచ్చి చూపించమన్నారు. ఆ ఆర్డరు వస్తే సుందర్ సిస్టమ్స్ నిలబడుతుంది. రాకపోతే బేస్‌మెంట్ ఖాళీ చేయాలి. ఒహాయోలో ఇంకో రంగుల ఫ్యాక్టరీ అతన్ని రమ్మని ఎప్పట్నుంచో అడుగుతోంది. ఆ మాట నళిని ఎత్తలేదు. ఒహాయో నుంచి వచ్చిన కవరు తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది, అంతే. పాలకోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా శ్యామ్‌సుందర్‌కి తెలుపులు కనిపించేవి.

“డెమో ఎప్పుడు?” అని మావగారు అడిగాడు.

“గురువారం రెండింటికి.”

“రాహుకాలం.”

“మావయ్యగారూ, స్కూల్ బోర్డు వాళ్ళకి రాహుకాలం ఉండదండీ.”

“వాళ్ళకి లేకపోవచ్చు. ఊళ్ళో ఎలాగూ ఉంది కదా. ఒంటిగంటకి వస్తామని చెప్పండి.”

చెప్పాడు. అవతల మిసెస్ కొవాల్‌స్కీ అనే కొనుగోళ్ళ అధికారి సంతోషించింది. చెప్పిన టైముకన్నా ముందు వస్తానన్న వ్యాపారి ఆవిడ సర్వీసులో ఇతనే మొదటివాడట.

బుధవారం పూజ. మామూలుగానే శ్యామ్‌సుందర్ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. మధ్యలో ఏం చేస్తున్నారు అన్న లూ గొంతు చెవిలో తిరుగుతోంది. కళ్ళు మూసుకున్నవాడికి చెవులు కాస్త బాగా పనిచేస్తాయి. పవర్ సప్లైకి, ఫ్యాన్‌కి, డ్రైవుకి బొట్లు పడుతున్నప్పుడు చప్పుడేం లేదు. చివర్లో ఒక్కటి వినిపించింది.

టిక్.

కళ్ళు తెరిచాడు. మావగారి ఉంగరం వేలు స్విచ్చుల వరస నడుమ నుంచి లేస్తోంది. వేలి కింద ఎర్రటి చుక్క. చుక్క కింద స్విచ్చు ఇవతల్నుంచి అవతలికి ఒరిగి ఉంది. ఆ స్విచ్చు చెప్పేది ఒక్కటే: మెమరీ నిండుగా ఉంది. గుంటలు చూస్తే సగం ఖాళీ.

“కళ్ళు తెరిచారేం?” అన్నాడు మావగారు, హారతి పళ్ళెం పట్టుకుని.

“పొగండీ,” అన్నాడు అల్లుడు.

ఆయన మేడ మీదికి వెళ్ళాక నళినిని కిందికి పిలిచాడు. స్విచ్చు చూపించాడు. లూ మీద అరిచిన అరుపులు, మార్చిన చిప్పులు, పోయిన పరువు, అన్నీ ఒక వేలి కింద ఉన్నాయని చెప్పాడు. నళిని చాలాసేపు నవ్వింది. ఆ తరవాత నవ్వడం ఆపింది.

“నాన్నకి చెప్తారా?”

“చెప్పకపోతే ఎలా?”

“వచ్చిన దగ్గర్నుంచీ వెదర్ చూడకుండా ఆయన చేస్తున్న పని ఇదొక్కటేనండీ. చెబితే రేపట్నుంచి మళ్ళీ నాకు హాస్పిటల్‌కి ఫోన్లు మొదలు. అలాస్కాలో మంచు పడిందని నాకు రోజూ తెలియాలా?”

“అయితే బొట్టు ఇంకెక్కడైనా పెట్టమను.”

“డిపోలో బ్రేకు వదిలేసి బొట్టు పెట్టమంటే పెడతారా ఆయన?”

శ్యామ్‌సుందర్ ఆలోచించాడు. స్విచ్చును వెనక్కి తిప్పాడు. “నీ గోళ్ళరంగు ఎక్కడుంది?”

“ఎర్రదా?”

“రంగు లేనిదేమైనా ఉందా?”

ఉంది. కొన్నేళ్ళ పాటు తెలుపుల మధ్య బతికినవాడు, ఏ రంగూ లేని గోళ్ళరంగును స్విచ్చుల వరస మీద సన్నగా పూశాడు. ఎండాక వేలితో గట్టిగా నొక్కి చూశాడు. కదల్లేదు. బొట్టు చెదిరిన చోట మళ్ళీ కొంచెం కుంకుమ అద్ది, మూత బిగించాడు.

ఇక మిగిలింది స్విచ్ వేసి చూసుకోవడం. ఒక్క నిమిషం పని. వేలు పవర్ స్విచ్ దాకా వెళ్ళింది.

“ఏవండీ, పూజ అయిపోయింది కదా,” అంది నళిని. “ముహూర్తం రేపు.”

“నువ్వు కూడా నమ్ముతావా ఇదంతా?”

“నేను నమ్మను. వేస్తే వెయ్యండి. నాకేం?”

రేపు అది నడవకపోతే ఒహాయో. ఇప్పుడు స్విచ్ వేసి చూసుకుని, రేపు నడవకపోతే కూడా ఒహాయోనే, పైగా ముందే వేసినందుకే ఇలా అయిందన్న మాట జీవితాంతం వినాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎందుకైనా మంచిది అన్నాడు. నమ్మకం లేనివాళ్ళు నమ్మకాన్ని ఆ పేరుతో పిలుస్తారు.

గురువారం డెమోకి తిరుపతయ్య కూడా వచ్చాడు. కోటు కింద రెండు స్వెటర్లు, తల మీద మంకీ క్యాప్. ఆగస్టు నెల. స్కూల్ బోర్డు మీటింగ్ రూములో మిసెస్ కొవాల్‌స్కీ ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి. ముందు తనకి లోపల చూపించమంది. కిందటిసారి ఒక పెద్ద షాపువాళ్ళు తెచ్చిన యంత్రంలో సగం తిన్న బిస్కెట్ ముక్క దొరికిందట. అప్పట్నుంచి ఆవిడ లోపల చూడకుండా ఏదీ కొనదు.

శ్యామ్‌సుందర్ మూత తీశాడు. కుంకుమ సంగతి అతను మర్చిపోయాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది.

“ఈ ఎర్రచుక్కలు ఏమిటి?”

శ్యామ్‌సుందర్ మతం అందామా, సంప్రదాయం అందామా, ప్రభుత్వ స్కూళ్ళలో దేన్ని ఎంతవరకు అనవచ్చు అని లెక్కలు వేసుకుంటున్నాడు. వెనక నుంచి మావగారి ఇంగ్లీషు వినిపించింది. డిపో తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసర్లతో మాట్లాడిన ఇంగ్లీషు అది.

“ఇన్‌స్పెక్షన్, మేడమ్. ప్రతి పార్ట్ నేనే చూస్తాను. చూసిన తరవాత మార్క్ పెడతాను. మార్క్ లేకపోతే బండి బయటికి వెళ్ళదు.”

“ప్రతి పార్టూ?”

“ప్రతి పార్ట్. నా సర్వీసంతా అదే పద్ధతి.”

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మిసెస్ కొవాల్‌స్కీ శ్యామ్‌సుందర్ వైపు చూసిన చూపులో, పరీక్షల గురించి అతను తెచ్చిన కాగితాలకు దక్కని గౌరవం ఉంది. మీ ఇన్‌స్పెక్టర్ అనుభవజ్ఞుడు అంది. అవునన్నాడు అతను.

మూత పెట్టాక ఆవిడనే స్విచ్ వేయమన్నాడు మావగారు. ఓనరే కదా వేయాలి. గోడ మీది గడియారం ఒంటిగంటంపావు దగ్గర ఉంది. తెర వెలిగింది. అంకెలు మొదలయ్యాయి. శ్యామ్‌సుందర్ చేతులు ఒకదాని మీద ఒకటి వేసుకుని నిలబడ్డాడు. అవి కొంచెం జోడించినట్టే ఉన్నాయి. కృష్ణమోహన్ ఆఫీసులో అంకెలు ఆగిన చోటు వచ్చింది. దాటింది. ఉన్నంత లెక్కపెట్టి, లేనిది అడక్కుండా, యంత్రం ఒక్కసారి బీప్ మని తయారుగా కూర్చుంది.

“చూశారా,” అన్నాడు మావగారు తెలుగులో, నెమ్మదిగా. “ఈసారి ఇంకొంచెం గట్టిగా నొక్కాను.”

ఆర్డరు వచ్చింది. దానితో పాటు మిసెస్ కొవాల్‌స్కీ టైపు చేయించిన షరతులు వచ్చాయి. గ్యారంటీ, డెలివరీ, ట్రైనింగ్. వాటి కింద, ప్రతి యంత్రం లోపల సరఫరాదారు ఇన్‌స్పెక్టర్ పెట్టిన ఎర్ర తనిఖీ గుర్తు విధిగా ఉండాలి, గుర్తు లేనివి తిప్పి పంపబడును అని ఉంది. నళిని ఫ్రిజ్ మీది కవరు తీసేసి, ఆ షరతుల పేజీ అక్కడ అంటించింది.

ఈ సంగతి ఓక్ ట్రీ రోడ్డంతా పాకింది. కృష్ణమోహన్ ఫోన్ చేశాడు.

“ఏం బాసూ, స్కూలోళ్ళకైతే మీ మావగారు స్పెషల్‌గా చూస్తున్నారంట? మాకేమో ట్రయల్ పీసులా?”

“నీదీ ఆయన చూసిందే కదయ్యా.”

“చూశారు గానీ గట్టిగా నొక్కలేదంట. ఆయనే చెప్పారు మొన్న గుళ్ళో. నా బండి కూడా పట్టుకొస్తా, ఇంకోసారి నొక్కించు.”

తెచ్చాడు. తిరుపతయ్య నొక్కాడు. అంతకుముందే శ్యామ్‌సుందర్ గోళ్ళరంగు పూశాడు.

లూ కూడా అడిగాడు, చివరికి తప్పెక్కడ అని. మా ఇన్‌స్పెక్షన్ విధానంలో ఒక చిన్న మార్పు చేశాం అన్నాడు శ్యామ్‌సుందర్. క్షమాపణ చెప్పలేదు. కానీ తరవాతి ఆర్డరు కూడా లూకే ఇచ్చాడు.

ఒక్కసారి మాత్రం మావగారు స్విచ్చుల వరసను వేలితో తడిమి, తల పక్కకు వంచి అడిగాడు. “అల్లుడుగారూ, దీని మీదేదో నున్నగా ఉందేమిటి?”

“రక్షణ కోసం మావయ్యగారూ.”

“దేన్నుంచి?”

“దిష్టి నుంచి.”

తిరుపతయ్య అల్లుణ్ణి కాసేపు పరీక్షగా చూశాడు. “మంచిది,” అన్నాడు. “ఆలస్యంగానైనా దారిలో పడ్డారు.”

అక్టోబర్‌లో ఆయనకి తిరుగు ప్రయాణం. ఉండమన్నారు. ఈ చలి తట్టుకోలేనన్నాడు. ఇంకా చలి మొదలు కాలేదు. స్కూలు యంత్రాలు సగం కూడా వెళ్ళలేదు. వెళ్ళేముందు అల్లుణ్ణి బేస్‌మెంట్‌లో నిలబెట్టి పని అప్పగించాడు. కుంకుమలో నీళ్ళు ఎన్ని చుక్కలు కలపాలో, ఏ భాగం తరవాత ఏ భాగమో చూపించాడు.

“ఉంగరం వేలు. మెత్తగా కాదు, నొక్కి పెట్టాలి. ముఖ్యంగా ఈ చివరిది. ఇంకో మాట. మీరు కళ్ళు మూసుకుంటారు. చూసేవాళ్ళు మూసుకోవచ్చు. పెట్టేవాళ్ళు మూసుకోకూడదు.”

ఆ తరవాత చాలా ఏళ్ళు శ్యామ్‌సుందర్ కంప్యూటర్లు చేసి అమ్మాడు. స్విచ్చులు పోయి, తన మెమరీ ఎంతో తనే తెలుసుకునే మదర్‌బోర్డులు వచ్చాక కూడా, స్విచ్చులు ఉండిన చోట ఒక బొట్టు పడుతూనే ఉండేది. పార్టీల్లో ఎవరైనా ఎత్తిపొడిస్తే తడుముకోకుండా జవాబు చెప్పేవాడు: నమ్మకం లేదు, కాంట్రాక్టు ఉంది.

అయితే పూజ అయ్యాక, కస్టమర్ దగ్గరికి చేరేలోపు, ఒక్క యంత్రానికైనా అతను స్విచ్ వేసి చూడలేదు. కాంట్రాక్టులో ఆ షరతు ఎక్కడుందని నళిని అడిగేది. వెతికి చెప్తాననేవాడు.